పెంచలమ్మ ఎండగట్టిన నిమ్మచెట్టు

అనగనగా గూడూరుకి అవతల ఒక చిన్న ఊళ్ళో పెంచలమ్మ అనే కోడలు ఉండేది, బుజ్జమ్మా. కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి ఒక నిమ్మమొక్క తెచ్చుకుని పెరట్లో నాటింది. అది గుబురుగా పెరిగింది. ఆకు నలిపితే చెయ్యంతా ఘుమఘుమ. ఆకు మొదట్లో ఒక్కో ముల్లు. కానీ ఐదేళ్ళయినా ఒక్క పువ్వు పుయ్యలేదు.

ఆమె అత్త కోటమ్మకి ఆ చోట గేదెల పాక వెయ్యాలని ఉంది. చెట్టు కొట్టించేస్తానంది. పెంచలమ్మ బతిమాలి ఆపింది.

ఆ ఏడాది రోజూ రెండు బిందెల నీళ్ళు పోసింది. ఆకులే వచ్చాయి. ఆ తర్వాతి ఏడాది తట్టలకొద్దీ ఎరువు వేసింది. ముళ్ళే పెరిగాయి. వచ్చే వేసవికి కాయ కనబడకపోతే ఇంక ఎవరి మాటా విననంది కోటమ్మ.

అప్పుడు పెంచలమ్మ మస్తానయ్య దగ్గరికి వెళ్ళింది. ఆ తాత నిమ్మతోటల్లో పనిచేస్తూనే ముసలివాడైనాడు.

"నీళ్ళు ఆపెయ్యి తల్లీ," అన్నాడు తాత. "కడుపునిండా తిని నిద్రపోతోంది నీ చెట్టు. కాస్త దప్పిక తెలియనీ."

మార్గశిరంలో వానలు వెలిశాయి. పెంచలమ్మ పాదులో మట్టి తీసి వేళ్ళకి ఎండ తగలనిచ్చింది. ఆకులు వాడాయి. ఆ తర్వాత పండాయి. ఆ తర్వాత రాలాయి. చేతులారా చంపుకుందని ఇరుగుపొరుగు అన్నారు. ఆమె బిందె నింపుకుని చెట్టుదాకా వెళ్ళి, ఏడుస్తూ వెనక్కి వచ్చేది.

మూడో వారం తాత వచ్చి చూసి, ఇప్పుడు పొయ్యమన్నాడు. పెంచలమ్మ ఎరువు కలిపిన మట్టి కప్పి, పాదు నిండా నీళ్ళు పెట్టింది.

చిగుళ్ళు వచ్చాయి. చిగురు చిగురుకీ బియ్యపు గింజంత మొగ్గలు. ఒక పొద్దున చూస్తే చెట్టంతా తెల్లగా విచ్చుకుంది! తేనెటీగల రొద వీధిలోకి వినబడింది.

రోహిణి ఎండలు వచ్చేసరికి కొమ్మలు నేలకి వంగేంత కాపు. ఆ ఎండల్లోనే చేనికి వెళ్ళిన కోటమ్మ వడదెబ్బ తగిలి గట్టుమీద కూలబడింది. మనుషులు మోసుకొచ్చి నీడన పడుకోబెట్టారు. పెంచలమ్మ రెండు కాయలు కోసి, ఉప్పూ బెల్లమూ కలిపి నిమ్మనీళ్ళు చేసింది. ఒళ్ళంతా తడిగుడ్డతో తుడుస్తూ, చెంచాతో కొంచెం కొంచెం తాగించింది. సాయంత్రానికి కోటమ్మ లేచి కూర్చుంది.

"పాక అవతల వేసుకుందాంలే," అంది మెల్లగా. "ఈ చెట్టు జోలికి ఎవరు వస్తారో నేనూ చూస్తాను."

ఆ ఏడు ఊరంతా నిమ్మకాయలే. ఇంటింటా పులిహోర, జాడీల్లో ఊరగాయ. పిండిన చెక్కలతో తోమితే రాగిచెంబులు తళతళలాడాయి. పక్క ఊళ్ళ ఆడవాళ్ళు చెట్టు చూడటానికి వచ్చారు. కోటమ్మ అరుగుమీద కూర్చుని వాళ్ళకి గర్వంగా చెప్పింది.

"నన్నడక్కండి, మా కోడల్ని అడగండి. ఆమె పొయ్యమన్నప్పుడు పొయ్యండి, ఆపమన్నప్పుడు ఆపండి."

కథేమో కంచి చేరింది,
మన ఇంట దీపం తగ్గింది,
నా బుజ్జమ్మకి కునుకొచ్చింది.