ఫోటోలు టకటకా తెరిచిన నరహరి

చిన్న కథ చెబుతాను, రెండు నిమిషాల్లో అయిపోతుంది. నేను మా వీధి కాంతమ్మలా కాదు. ఆవిడ కాస్త ఉప్పు అడగడానికి వచ్చి, మూడిళ్ల సంగతులు చెప్పి, ఉప్పు మరిచిపోయి వెళ్తుంది. మళ్లీ ఉప్పు కోసం మా పక్కింటికి వెళ్తుంది. అక్కడ చెప్పేది మా ఇంటి సంగతి. సరే, కథకు వస్తాను.

సీతంపేటలో నరహరి అనే ఓపిక లేని కంప్యూటర్ పనివాడు ఉండేవాడు. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే లేచిపోయేవాడు. దాంతో అతనితో మాట్లాడేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఒక్కడే వండుకుని, నిలబడే తినేసేవాడు.

అతను సుభద్రమ్మగారి పెళ్లిసంబంధాల కేంద్రంలో పనిచేసేవాడు. ఊరు మొత్తం మీద "భోంచేశావా నాయనా?" అని అతన్ని అడిగేది ఆవిడ ఒక్కతే.

అక్కడి కంప్యూటర్ బాగా పాతది. ఒక్కో ఫోటో నొక్కినప్పుడల్లా దాన్ని చూపించడానికి తెర మీద కొత్త విండోను మొదటి నుంచి తయారుచేసేది. చూసి మూయగానే దాన్ని పారేసేది. తర్వాతి ఫోటోకి మళ్లీ మొదలు.

ఒకరోజు వెంకటప్పయ్య అనే పెళ్లికొడుకు తండ్రి విసుక్కున్నాడు. "ఈ పిల్ల ఫోటో వచ్చేలోగా మావాడికి జుట్టు ఊడిపోయేలా ఉందమ్మా!"

"ఇప్పటికే సగం పోయిందిగా అన్నయ్యగారూ," అంది బెంచీ మీద పక్కన కూర్చున్న ఒక పెళ్లికూతురి తల్లి.

అందరూ నవ్వారు. సుభద్రమ్మ మాత్రం నవ్వలేదు. "ఇలాగైతే కేంద్రం మూసుకోవాల్సిందే నాయనా," అంది.

కేంద్రం పోతే నరహరిని పలకరించే గొంతే ఉండదు. వారం రోజులు కూర్చుని ప్రోగ్రామ్ మార్చాడు. ఇప్పుడు కంప్యూటర్ విండోను పారేయదు, కనబడకుండా దాచుకుంటుంది. ఇంకో ఫోటో అడగ్గానే అదే విండోలో పాత వివరాలు తుడిచి, కొత్తవి నింపి చూపిస్తుంది.

ఫోటోలు టకటకా తెరుచుకున్నాయి. వచ్చినవాళ్లు పావుగంటలో యాభై చూసి, "ఒక్కటీ నచ్చలేదు" అని వెళ్లిపోయేవారు. బెంచీలు ఖాళీ. మూడు నెలల్లో ఒక్క సంబంధమూ కుదరలేదు.

"మన సంబంధాలు కుదిరింది ఫోటోల వల్ల కాదు నాయనా," అంది సుభద్రమ్మ. "ఫోటో వచ్చేలోగా వాళ్లూ వాళ్లూ మాట్లాడుకునేవాళ్లు."

"పాతదే పెట్టేయనా అమ్మా?"

"వేగం రుచి మరిగినవాళ్లు ఇంక ఆగుతారా?"

శ్రావణంలో ఆవిడ కేంద్రం మూసేసి, అక్కడ పిండిమర పెట్టింది. మర నిదానం. జనం గంటసేపు కూర్చోవాలి. ఆ ఏడు అక్కడ ఆరు పెళ్లిళ్లు కుదిరాయి. నరహరి మాత్రం అంతసేపు కూర్చోలేక ప్యాకెట్ పిండి కొనుక్కునేవాడు.

నీతి: యంత్రానికి వృథా పని తగ్గించడం తెలివే. కానీ మనుషుల పక్కన కూర్చునే సమయాన్ని కూడా వృథా అనుకున్నవాడికి తోడు దొరకదు.