తూకం మిషను మీద కాలు

కాత్యాయని మేడమ్‌ను సందేహం అడిగినవాళ్ళకు జవాబు దొరకదు, పని దొరుకుతుంది. గుంటూరులో మా ఎముకల ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగానికి ఆవిడే పెద్ద. ముప్పై ఏళ్ళుగా మంచాన పడ్డవాళ్ళను లేపి నడిపిస్తున్నారు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. తబిత ఇంకొకతె.

తబిత మాలాగా ఫిజియోథెరపీ చదివిన మనిషి కాదు. పైఅంతస్తు వార్డులో పదమూడేళ్ళుగా నర్సు. డ్యూటీ దిగాక ఇంటికి పోకుండా మా గదికొచ్చి, మేడమ్ చేసే పని చూస్తూ నిలబడేది. ముప్పై ఆరేళ్ళ వయసులో నర్సు ఉద్యోగం మానేసి ఈ చదువులో చేరాలని తన కోరిక. నాలుగున్నరేళ్ళ చదువు, ఐదు లక్షల అప్పు. నర్సింగు చదువుకు చేసిన అప్పే కిందటేడు తీరింది. అందుకని "చేరనా, వద్దా మేడమ్?" అని అడగడం మొదలుపెట్టింది.

అడిగితే అడిగింది, ఒకసారా రెండుసార్లా! ఏడాది పొడుగునా అదే పాట. బ్యాంకు వడ్డీ ఇంత, వాయిదా ఇంత, మా ఆయన జీతం ఇంత, చదువుకుంటూ వారానికి రెండు డ్యూటీలు చేస్తే ఇంత అని నోటుబుక్కు తెరిచి కూర్చునేది. లెక్క తేలేది. తేలగానే పేజీ తిప్పి మళ్ళీ మొదటికొచ్చేది. వింటున్న నాకు ఒళ్ళు మండిపోయేది. చేరితే చేరు, లేకపోతే మానెయ్, మా బుర్రలెందుకు తింటావమ్మా అని ఒకటి రెండుసార్లు అనేశాను కూడా. చివరికి కాలేజీవాళ్ళు సీటిచ్చి, శుక్రవారం సాయంత్రం ఐదులోగా వచ్చి చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి కూడా ఈ మహాతల్లి నోటుబుక్కుతోనే వచ్చింది.

"మేడమ్, ఇంకో బ్యాంకులో వడ్డీ అర శాతం తక్కువట..."

"ఆ బుక్కు కిటికీలో పెట్టు. జిలానీని నడిపించాలి, రా," అన్నారు మేడమ్.

జిలానీ బస్సు కండక్టరు. వానలో ఫుట్‌బోర్డు మీంచి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనైన కొత్తలో ఇలాంటివాళ్ళ కాలి మీద కొద్ది బరువే పడాలి. ఎంత పడుతోందో వాళ్ళకు తెలియదు గనక, బరువు చూసుకునే మిషనొకటి నేల మీద పెట్టి, ఆ కాలు దాని మీద మోపించి, ముల్లు ఇరవై కిలోల దగ్గర ఆగేలా అలవాటు చేయిస్తాం. వారం పది రోజుల్లో కాలికే తెలిసిపోతుంది. జిలానీ మాత్రం మూడు నెలలైనా మిషను వదల్లేదు. ఎముక అతికింది, పూర్తి బరువు వేసి నడవమని డాక్టరు రాసిచ్చి మూడు వారాలయింది. అయినా మనవాడు వాకరు పట్టుకుని, కాలు మిషను మీద పెట్టి, ముల్లు చూసి "ఇరవై! రైట్ రైట్!" అని అరిచేవాడు. కాలు తీసేవాడు. మళ్ళీ పెట్టేవాడు. పైగా బజార్లో సొంతానికి ఇంకో మిషను కొనుక్కొచ్చి, మాది కిలో ఎక్కువ చూపిస్తోందని నాతో పేచీ! వీళ్ళిద్దరి మధ్య ఎలా నెట్టుకొచ్చానో నాకే తెలియదు.

ఆ రోజు మేడమ్ రెండు మిషన్లనూ కాలితో పక్కకు నెట్టేశారు.

"ఏమయ్యా, రైట్ రైట్ అని నువ్వే అంటావు. బస్సు మాత్రం కదలదేం?"

"బరువెక్కువ పడితే ఆపరేషన్లో ఎముకకు బిగించిన ప్లేటు విరుగుతుందేమోనని, మేడమ్."

"విరగదని డాక్టరు చెప్పారు, నేను చెప్పాను, ఇదిగో, ఈ అబ్బాయీ చెప్పాడు. ఆ మాట వదిలెయ్. అసలు సంగతి చెప్పు."

జిలానీ వాకరు కడ్డీని గోటితో గీకాడు.

"నడిస్తే డ్యూటీకి రమ్మంటారు. ఆ ఫుట్‌బోర్డు తలుచుకుంటే గుండె దడదడలాడిపోతోంది మేడమ్. ఇంట్లో చెప్పుకోలేను," అన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ అతన్ని విసుక్కున్నందుకు నాకు సిగ్గేసింది.

మేడమ్ ఓదార్చలేదు. ఎక్కడం దిగడం నేర్పించడానికి మా గది మూలన మూడు చెక్కమెట్లు ఉంటాయి. "అదే నీ ఫుట్‌బోర్డు. పద," అన్నారు. ఒక చెయ్యి ఆవిడ, ఒక చెయ్యి తబిత పట్టుకున్నారు. మమ్మల్నందరినీ తిట్టుకుంటూ, అల్లా అల్లా అనుకుంటూ మూడూ ఎక్కాడు. దిగాడు. ఇంకోసారి ఎక్కుతానని తనే అడిగాడు.

అతను వెళ్ళేసరికి మూడున్నర అయింది. ఇప్పటికైనా తెలిసొచ్చి ఉంటుందని తబిత వంక చూశాను. ఏదీ! నేరుగా కిటికీ దగ్గరకెళ్ళి నోటుబుక్కు తీసుకుంది. "మేడమ్, ఆ అర శాతం..." నేను తల పట్టుకున్నాను.

"ఆ లెక్క నేనూ వేశాను, తబితా. అప్పు పెద్దదే. చదువూ, వాయిదాలూ కలిపి తొమ్మిదేళ్ళు నడుం వంచాలి. చేరితే తీర్చగలవు. చేరకపోతే నర్సుగా మర్యాదగానే బతుకుతావు. రెండూ తప్పు కాదు. ఇక ఆ మాట వదిలెయ్," అన్నారు మేడమ్.

తబిత బుక్కు తెరిచింది, మూసింది. నా వైపోసారి చూసి తల దించుకుంది.

"నర్సింగులో అనాటమీ రెండుసార్లు తప్పాను మేడమ్. పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య కూర్చుని, ఇంత అప్పు నెత్తిన పెట్టుకుని, మళ్ళీ అదే తప్పితే..."

కళ్ళ నీళ్ళు బుక్కు అట్ట మీద రాలాయి. కాలేజీకి ఆటోలో పావుగంట పడుతుంది. మేడమ్ గోడ గడియారం చూసి, స్టూలొకటి తబిత వైపు లాగారు.

"ఇంకా గంట టైముంది. కూర్చో. చేతి పాఠంలో తప్పావా, కాలి పాఠంలోనా?"