జవాబు రాని తాడు

“కేశవులూ! ఒరే కేశవులూ! నేనింకా జవాబివ్వలేదురా!”

ఆ కేక పూర్తయ్యేలోపే దావీదు నేలమీంచి నిలువెత్తు లేచిపోయాడు. మెరుపు మనిషి మబ్బుల్లోకి ఎగరవలసిన తీరు అది కాదు. ఒక భుజం పైకీ ఒక భుజం కిందికీ అయి, వీపున ఉండాల్సిన ఎర్రగుడ్డ మొహమ్మీద పడి, సైకిలు హేండిలుకి కట్టిన కోడిలా గిరగిరా తిరిగాడు. తెర వెనక తాడు పట్టుకున్న కేశవులుకి ఆ కేక అందింది. మెల్లిగా, చాలా మెల్లిగా దింపాడు. పాదాలు నేలకి తగిలిన చప్పుడు వినపడ్డాకగాని పట్టు సడలించలేదు.

పాలకొల్లు రైలుగేటు దాటాక ఉన్న ఖాళీ జాగాలో ఆ నాటక మండలి డేరా వేసి పన్నెండు రోజులైంది. సాయంత్రం ఆటకి మధ్యాహ్నం పూట సాధన చేస్తారు. కొత్త నాటకం పేరు ‘మెరుపు మనిషి’. పగలంతా పుస్తకాల కొట్లో గుమాస్తాగా వంచిన తల ఎత్తనివాడు, ఆపదలో ఉన్నవాళ్ళ పిలుపు వినపడితే మాస్కు తగిలించుకుని ఆకాశంలోకి లేచిపోతాడు. ఎగిరేది దావీదు. ఎగరేసేది కేశవులు. దావీదు నడుముకి తోలుపట్టీ ఉంటుంది, పట్టీకి వీపు వైపు ఇనుప కొక్కెం, కొక్కేనికి తాడు. ఆ తాడు పైదూలానికున్న గిలక మీదుగా వెళ్ళి, ఊరి బొమ్మ గీసిన పెద్ద తెర వెనక కేశవులు చేతుల్లోకి దిగుతుంది. ఎగిరేవాడికి లాగేవాడు కనపడడు. లాగేవాడికి ఎగిరేవాడూ కనపడడు. మాట్లాడుకుందామంటే ముందు వరసలో కూర్చున్న పిల్లలకి వినపడిపోతుంది. అందుకని గవర్రాజు మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. లాగేవాడు తాడుని చిన్నగా రెండుసార్లు గుంజుతాడు, ‘ఉన్నావా?’ అని. ఎగిరేవాడు చెయ్యి వెనక్కి పెట్టి ఒక్కసారి గుంజుతాడు, ‘ఉన్నా’ అని. ఆ ఒక్కటీ అందాకే లాగాలి. తాడు పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మాస్టారు మొదటి మూడు నెలలూ ఇదొక్కటే నేర్పిస్తారు.

దావీదూ కేశవులూ మండలిలోకి ఒకే ఏడాది వచ్చారు. ఐదేళ్ళుగా ఇద్దరికీ ఒకటే ట్రంకుపెట్టె, ఒకటే సబ్బు, తినడానికి ఒకటే కంచం. తాడు భాష వాళ్ళకి ఎంత అలవాటైపోయిందంటే, జాతరలో జనం మధ్య ఒకడు రెండోవాడి చొక్కా వెనకనుంచి రెండుసార్లు గుంజేవాడు. రెండోవాడు తిరిగి చూడకుండానే వీడి చొక్కా పట్టుకుని ఒక్కసారి గుంజేవాడు. అంతే, ఇద్దరూ ఉన్నట్టే. ఇంక ఊరు ఊరంతా తప్పిపోయినా ఫరవాలేదు.

భీమవరంలో సామాను దింపుతుండగా లారీ మీంచి పెట్టె ఒకటి జారి కేశవులు మోచేతిమీద పడింది. వాపు వారంలో తగ్గింది. కానీ కుడిచేతి మూడు వేళ్ళు మాత్రం నిద్రపోయినవి నిద్రపోయినట్టే ఉండిపోయాయి. బలం ఉంది, పట్టు ఉంది, స్పర్శే లేదు. బరువు తెలుస్తుంది గాని, చివర్నించి వచ్చే ఆ ఒక్క చిన్న గుంజుడు, నీళ్ళలో చేప తాకినట్టుండే ఆ గుంజుడు, అతనికి తెలియడం మానేసింది. చెప్తే తాడు ఇంకొకరి చేతికిస్తారు. దావీదు ఇంకొకరి చేతుల మీద ఎగురుతాడు. ఆ ఊహే కేశవులు భరించలేకపోయాడు. అందుకని రెండుసార్లు గుంజి, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకుని, లాగెయ్యడం మొదలుపెట్టాడు. మెతుకులు వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే దావీదు చూస్తాడని, కంచం విడిగా పెట్టుకుని, డేరా వెనక్కి పోయి ఎడంచేత్తో తినసాగాడు.

ఇవతల దావీదుకి తెలిసిందల్లా ఒకటే. తను జవాబివ్వకముందే వీడు లాగుతున్నాడు. ఒకరోజు కాదు, రోజూ. తను ఉన్నాడో లేడో వీడికి అక్కర్లేకపోయింది.

ఇవాళ పట్టీ విప్పుకుంటూ దావీదు తెర చుట్టూ తిరిగి వచ్చాడు.

“ఏరా, నిద్రొస్తుందా?”

“రెండుసార్లు గుంజాను కదా!”

“నువ్వు గుంజావ్. నేను గుంజానా?”

కేశవులు తాడు చుట్ట చుట్టసాగాడు.

“అడుగుతున్నా కదా! నేను కిందపడితే ఆ చప్పట్లేవో నీకొస్తాయనుకున్నావా?”

“చప్పట్లు నాకెందుకురా? నేను లాగకపోతే నువ్వు దండెం మీద ఆరేసిన లుంగీవి.”

ఇదే మాట రెండు నెలల కిందట అనుంటే దావీదు లుంగీలా ఊగి చూపించి, పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఇవాళ అతని మొహం వాడిపోయింది. “లుంగీనేలే. వేరే దండెం చూసుకుంటుంది,” అనేసి వెళ్ళిపోయాడు.

కేశవులు తలెత్తి పైకి చూశాడు. అట్టమబ్బుల చాటున, గిలకకి జానెడు దూరంలో, నీలంరంగు నైలాను తాడొకటి ముడులు ముడులుగా వేలాడుతోంది. మూడు రోజుల కిందట గిలకకి నూనె వెయ్యడానికెక్కి దాన్ని చూశాడు. కేశవులు తాడు వదిలేస్తే పట్టుకు వేలాడ్డానికని దావీదు ఎవరికీ చెప్పకుండా కట్టుకున్న తాడది. అది ఇంకా ఊగుతోంది, ఇందాక దావీదు చెయ్యి దానికే చుట్టుకుని మనిషి వంకరపోయి ఉంటాడు. ఆ తాడు సంగతి కేశవులుకి తెలుసు. తెలిసినట్టు చెప్పలేదు. పొద్దున వంటమనిషి సూరమ్మ ఇంకో మాట చెవిన వేసింది. తాడు పని వేరేవాళ్ళకిమ్మని దావీదు మేనేజరుని అడిగాడట. సాయంత్రం ఆటలోపు ఏ సంగతీ చెప్తానన్నాడట మేనేజరు.

తాడు పట్టే చోటికి నాలుగడుగుల వెనక గవర్రాజు మాస్టారు స్టూలు మీద కూర్చుని, మెరుపు మనిషి మాస్కుకి ఊడిన అంచు కుడుతున్నారు. ఈమధ్య ప్రతి ఆటకీ, ప్రతి సాధనకీ ఆయన స్టూలు అక్కడికే వస్తోంది. తన తప్పులు పట్టడానికే అక్కడ కూర్చుంటున్నారని కేశవులు లోలోపల నొచ్చుకుంటున్నాడు. అయినా ఇప్పుడు ఇంకెవరినడుగుతాడు? వెళ్ళి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

“మాస్టారండీ, ఒకటి అడగనాండీ?”

“ఊఁ.”

“వీరుల కథలు ఎన్నో చదివానండీ. ఫోన్లో సినిమాలూ చూశాను. ఎక్కడైనా ఇదే గోలండీ. రాక్షసులతో కొట్టుకున్నంతసేపూ బానే ఉంటారు. వాళ్ళు చచ్చాక, ప్రాణం పెట్టే స్నేహితుడే శత్రువైపోతాడు. మన నాటకంలోనూ అంతే కదండీ. మెరుపు మనిషి తన అసలు పేరు దాచాడని, వాడి స్నేహితుడు రంగడు వాడి మీద కత్తి కట్టి చీకటి దొర అయిపోతాడు. ఎందుకండీ అలాగ? ఆ ఇద్దరిలో చెడ్డవాడు ఎవరండీ?”

ప్రశ్న అడిగితే పని చెప్పడం మాస్టారి అలవాటు. నేరుగా జవాబు ఆయన నోట విన్నవాళ్ళు ఆ మండలిలో లేరు. దారం పళ్ళతో తెంపి, కేశవులుకేసి ఎగాదిగా చూశారు.

“నువ్వెప్పుడైనా ఎగిరావుట్రా?”

“లేదండీ.”

“ఆ పట్టీ కట్టుకో. దావీదూ! ఇలా వచ్చి తాడు పట్టు.”

“నేనాండీ?” దూరంనుంచి దావీదు గొంతు. “నాకు లాగడం రాదండీ.”

“వచ్చినంత లాగు.”

కొక్కెం తగిలించి, కేశవులు చెవి దగ్గర వంగి, “నేను వేలెత్తేదాకా జవాబివ్వకు,” అన్నారు మాస్టారు. తర్వాత వెళ్ళి, రెండువైపులా కనపడేలా తెర అంచుదాకా స్టూలు జరుపుకుని, పంచె సర్దుకుని కూర్చున్నారు.

కేశవులు మెరుపు మనిషి నిలబడే చోట నిలబడ్డాడు. ఎదురుగా ఖాళీ డేరా. మధ్యాహ్నపు ఎండ గుడ్డ చిరుగుల్లోంచి చుక్కలు చుక్కలుగా నేలమీద పడి, పగలే నక్షత్రాలు దిగినట్టుంది. వీపు వెనక ఏముందో తెలీదు. ఐదేళ్ళుగా దావీదు రోజూ నిలబడ్డ చోటు ఇంత ఒంటరిగా ఉంటుందని అతనెప్పుడూ అనుకోలేదు. ఇక్కడ నిలబడ్డవాడికి తనవాడంటూ ఉన్నది నడుముకున్న ఆ తాడొక్కటే.

తాడు కదిలింది. ఒకటి, రెండు. అన్నం వేళకి ఇంట్లోవాళ్ళు భుజం తట్టి లేపినట్టు ఎంత మెత్తగా ఉందో!

కేశవులు మాస్టారికేసి చూశాడు. వేలు లేవలేదు. ఇంక దావీదు లాగేస్తాడు అనుకుని కళ్ళు మూసుకుని, తన అలవాటు ప్రకారం లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. లాగలేదు. నాలుగు, ఐదు, పది. లాగలేదు. మళ్ళీ తాడు కదిలింది, రెండుసార్లు. ఈసారి అందులో తొందర ఉంది. మళ్ళీ ఎదురుచూపు.

“కేశవా?”

అలా పిలిచి ఎన్ని రోజులైందో.

“ఒరే, ఉన్నావా? పట్టీ బిగుసుకుందా? ఏంట్రా, మాట్లాడవే? మాస్టారండీ, వీడికేమైంది? నేను లాగనండీ. వాడు చెప్పందే లాగను.”

మాస్టారు మాస్కు అంచు చూసుకుంటున్నారు. వేలు లేవలేదు. మూడోసారి తాడు కదిలింది. ఈసారి రెండుతో ఆగలేదు, మూడు, నాలుగు, ఐదు. తను ఒక్కసారి గుంజితే సరిపోతుంది, ఈ సాధన అయిపోతుంది. కానీ చెయ్యి వెనక్కి పోలేదు. చెప్పాల్సింది తాడుతో చెప్పేది కాదు.

“నా వేళ్ళకి తెలీట్లేదురా,” అన్నాడు, ఖాళీ డేరా వైపు చూస్తూ, గట్టిగా. “భీమవరంలో పెట్టె పడ్డ దగ్గర్నుంచీ మూడు వేళ్ళు చచ్చుబడ్డాయి. నువ్వు జవాబిస్తున్నావో లేదో నాకు తెలీట్లేదు. లెక్కపెట్టుకుని లాగుతున్నాను. నెల దాటింది. నిన్ను రోజూ అలాగే లాగాను.”

వెనకనుంచి దావీదు గొంతు తెరకి దగ్గరగా వచ్చింది.

“మూడు వేళ్ళూనా?”

“ఆఁ.”

“కంచం పట్టుకుని డేరా వెనక్కి పోయేది అందుకా?”

“ఆఁ.”

“చవటా! నాతో తినడం వెగటేసిందనుకున్నాన్రా.” దావీదు గొంతు పగిలింది. మళ్ళీ, “పైన ఆ నైలాను తాడు కట్టింది నేనే,” అన్నాడు.

“చూశాను.”

“చూసీ అడగలేదేం?”

“నువ్వడిగావా?”

“నీమీద అనుమానంతో కాదురా...” అని ఆగిపోయాడు. “కాదు, అనుమానంతోనే. మేనేజరుతో కూడా చెప్పాను. సాయంత్రంలోపు ఆ మాట వెనక్కి తీసుకుంటా. రేపు పొద్దున్నే ఆస్పత్రికి పద, ముందా చెయ్యి చూపిద్దాం. ఇవాళ్టికి నీ పక్కన ఇంకొకణ్ణి పట్టమందాం. నీ వైపు తాడుకో మువ్వ కడదాం. నేను గుంజితే అది మోగుద్ది. వేళ్ళకి తెలీకపోతే ఏం, చెవులున్నాయి కదా? లుంగీ చెప్తోంది, విను.”

కేశవులు నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కన్నీళ్ళొచ్చాయి. దావీదు తాడు చేతిలోనే పట్టుకుని, తెర చుట్టూ తిరిగి అతని దగ్గరికి రాబోయాడు. ఎగిరేవాడి నడుముకి తాడున్నంతసేపూ లాగేవాడు దాన్ని వదలకూడదు, అది మాస్టారి మొదటి పాఠం. నాలుగడుగులు వేసి తెర అంచుకి వచ్చాడు. తాడు టక్కున ఆగిపోయింది. గిలకలో ఇరుక్కుందేమోనని పైకి చూశాడు. పైన వదులుగానే ఉంది. బిగిసింది రెండో వైపు, తన వెనకాల. ఇద్దరూ తాడు వెంట చూపు పోనిచ్చారు. అది నేలమీద పాములా సాగి, స్టూలు దగ్గరికి పోయి, మాస్టారి పంచె అంచు కిందికి దూరింది.

మాస్టారు కదల్లేదు. ఇద్దరూ తననే చూస్తుంటే, మాస్కు పక్కన పెట్టి, పంచె కాస్త పైకి తీశారు. లాగేవాడి చెయ్యి జారినా తాడు పోకుండా, దాని కొస ఆయన చీలమండకి ఒక చుట్టు చుట్టి, పాదం కింద అదిమిపెట్టి ఉంది. చీలమండ మీద చర్మం కమిలి, పాతగాయం మీద కొత్తగాయమై, నల్లగా గీత తేలింది.

“మాస్టారండీ,” అన్నాడు కేశవులు. “ఇదెప్పట్నుంచండీ?”

మాస్టారు ఆ గీతని బొటనవేలితో రుద్దుకున్నారు. ఆయన ఒక ప్రశ్నకి నేరుగా జవాబివ్వడం ఆ మండలిలో అదే మొదటిసారి.

“భీమవరం మర్నాటి నుంచి. నీ వేళ్ళ సంగతి నాకు తెలుసని నీకు తెలిస్తే తాడొదిలేసి వెళ్ళిపోతావని భయమేసిందిరా. నేనూ చెప్పలేదు.”