అమ్మ పరచిన పడక

జొన్నచేల వెనక, తంగేడు పొదల కింద కుందేళ్ల బొరియ ఒకటి ఉండేది. అందులో నూకమ్మవ్వ పడకంటే అందరికీ గౌరవమే. వాళ్లమ్మ బూరుగు దూది, ఎండుగడ్డి, తన ఒంటి బొచ్చు కలిపి పరచిన పడక అది. ఆ వాసనలో అమ్మ ఇంకా ఉన్నట్టే అనిపించేది నూకమ్మకి. మనవడు చిట్టిగాణ్ణి కూడా అందులోనే పక్కన వేసుకునేది.

నెల రోజులుగా చిట్టిగాడి ముక్కు కారడం ఆగలేదు. జ్వరం లేదు, తిండికి వంక లేదు. నీళ్లలాంటి చీమిడి, వరసపెట్టి తుమ్ములు, అంతే. అడవిలో వైద్యుడిగా వెలిగిపోతున్న నక్క గవరయ్యకి ఈ సంగతి తెలిసింది. వాడికి చలిగాలి పడటం లేదని, నాలుగు రోజులు తన గుహలో వదిలితే చాలని కబురంపాడు. నక్క సంగతి నూకమ్మకి తెలియక కాదు. పసివాడు రాత్రిళ్లు ముక్కు మూసుకుపోయి, ఊపిరాడక లేచి కూర్చుంటుంటే ఏ అవ్వకి మాత్రం బుర్ర పనిచేస్తుంది?

పొద్దున్నే వాణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరింది. చేను దాటి, వాగు దాటి గుహ చేరేసరికి ఆమెకి ఒకటి తట్టింది. దారి పొడుగునా వాడు ఒక్కసారీ తుమ్మలేదు.

"వైద్యుడుగారూ, గాలి పడకపోతే ఇంత గాలిలో వీడు తుమ్మలేదేం?"

మందు కోసం కూర్చున్న తాబేలు, నెమలి, అడవిపంది చెవులు రిక్కించాయి. గవరయ్య మీసం దువ్వాడు.

"నా గడప కనబడితే ఏ రోగమైనా పారిపోవాల్సిందే అవ్వా."

"అయితే వైద్యం అయిపోయినట్టే కదా నాయనా. చల్లగా ఉండు, మేం వెళ్లొస్తాం."

అడవిపంది నిజమేనంది. నలుగురి ముందు అన్న మాట వెనక్కి తీసుకోలేక గవరయ్య వాళ్లని పోనిచ్చాడు.

ఇంటికొచ్చి పడక ఎక్కాడో లేదో, చిట్టిగాడు మళ్లీ తుమ్ములు మొదలుపెట్టాడు. నూకమ్మ పడకని కాలితో తట్టింది. లేచిన దుమ్ముకి వాడు ఇంకా గట్టిగా తుమ్మాడు. వాడికి పడనిది గాలి కాదు, అమ్మ పడక.

దాని మీద మొహం ఆన్చి చాలాసేపు ఏడ్చింది. వానల్లో తడిసొస్తే అమ్మ తన చెవులు తుడిచి, ఇందులోనే పడుకోబెట్టి కబుర్లు చెప్పేది. ఆ రోజులు ఎంత బాగుండేవో. కాసేపటికి లేచి, విడతలు విడతలుగా అంతా పళ్లతో లాగి వాగులో వేసింది. నేల ఊడ్చి లేత ఆకులు పరచింది.

రోగం తిరగబెట్టి వాళ్లే వస్తారని గవరయ్య వారం రోజులు కాచుకుని, కడుపు మాడ్చుకున్నాడు. చిట్టిగాడు నోరు మూసుకుని, ముక్కుతో హాయిగా గాలి పీలుస్తూ పడుకున్నాడు. అమ్మ వాసన లేక నూకమ్మకే ఇంకా నిద్ర పట్టడం లేదు.

నీతి: పసివాడి ఊపిరికి అడ్డొచ్చేది మనకెంత ప్రియమైనదైనా ఇంట్లో ఉంచుకోకూడదు.