ఒంట్లో చమురు జాడీ ఎందుకు లేదు

ఒకప్పుడు మన ఒంట్లో ఓ చమురు జాడీ ఉండేది. కాలేయం పెద్దమ్మ దాన్ని ఆవకాయ జాడీలాగే వాసెన కట్టి దాచేది.

అది ఒంటి సొంత చమురు. చేలో మొలిచే గంజాయి మొక్కతో దానికి దూరపు చుట్టరికం ఉంది, అంతే. చుక్క తగిలితే నొప్పి తగ్గేది, కంగారుపడే నరం నెమ్మదించేది. పెరుగుతూ పోయే కణం కూడా ఆగేది. ఎవరొచ్చి అడిగినా పెద్దమ్మ గరిటెడు పోసేది. ఎందుకని అడగడం ఆ ఇంట మర్యాద కాదు.

పెద్దమ్మ వాకిట్లోనే గవ్వ అనే చిన్న కణం కాపురం. పక్కింట్లో బుంగడనే ఇంకో కణం.

ఒకరోజు గవ్వ గోడ వంగిపోయింది.

"అన్నా, నీ మోచెయ్యి మా ఇంట్లోకొచ్చింది."

"పెరుగుతున్నాను. పెరగడం తప్పా?"

"పెరగడం తప్పు కాదు. ఆగకపోవడం తప్పు."

"అయితే నువ్వే జరుగు," అన్నాడు బుంగడు. ఆ పూటే ఇద్దరయ్యాడు, మర్నాటికి నలుగురు.

గవ్వకి ఊపిరాడలేదు. బుంగడికి పూద్దామని చమురు కోసం వెళ్లింది. జాడీ అడుగంటింది.

"ఎవరు తీసుకెళ్లారు పెద్దమ్మా?"

"బుంగడే. పాపం, నొప్పంటాడు."

గవ్వ బయటికొచ్చి చూసింది. కాపలా తెల్లకణాలు గోడలకి జారబడి నిద్రపోతున్నాయి. మూతులకి చమురు జిడ్డు. పూస్తే ఆపే చమురుని బుంగడు సగం తాను తాగి బలిశాడు, సగం వాళ్లకి పోశాడన్నమాట.

గవ్వ వెనక్కెళ్లి జాడీని ఎత్తి నేలకేసి కొట్టింది.

"ఎంత పని చేశావే," అంది పెద్దమ్మ. "రేపు ఎవరికైనా నొప్పొస్తే ఏం చెయ్యాలి?"

"నిల్వ ఉంటే మళ్లీ బుంగడే ఎత్తుకెళ్తాడు. ఎవరి చమురు వాళ్లే తీసుకోవాలి. మన గోడలు కట్టిందే కొవ్వుతో కదా."

తన గోడనే గోకింది గవ్వ. మంట పుట్టింది. ఒక్క చుక్క వచ్చింది. దాన్ని బుంగడి మీదికి విసిరింది. చుక్క "ఆగు" అని చెప్పి, అక్కడే కరిగిపోయింది.

బుంగడు నవ్వాడు. "ఇంతేనా? నీ గోడ ఎన్నాళ్లుంటుంది?"

"గోకినచోట మళ్లీ పూడ్చుకుంటాను. నీకెందుకు ఆ బెంగ?"

అది విని ఇంకో కణం తన గోడ గోకింది. దాని పక్కది కూడా. తాగడానికి నిల్వ లేకపోయేసరికి కాపలా కణాలకి మత్తు దిగింది. అవి సిగ్గుపడుతూ లేచి బుంగడి పిల్లల మీద పడ్డాయి. ఆ పిల్లల్లో కొందరు ఆగారు, కొందరు అక్కడే రాలిపోయారు. కొందరు మాత్రం చుక్కని నాకేసి ఇంకాస్త లావెక్కారు.

"చూశావా," అన్నాడు బుంగడు. "నీ చమురుతోనే బతుకుతాను."

"బతుకు చూద్దాం. మూటగట్టుకోడానికి మాత్రం నీకు మిగలదు," అని గవ్వ మళ్లీ గోడ గోకింది.

అప్పటినుంచే మన ఒంట్లో ఆ చమురు నిల్వ ఉండదు. కావలసినప్పుడు, కావలసినచోట, ప్రతి కణమూ తన గోడలోంచే తీస్తుంది. చుక్క తన మాట చెప్పి కరిగిపోతుంది. బుంగడి సంతతి ఒకచోట ఆ మాట వింటుంది, ఇంకోచోట వినదు. వినలేదు కదా అని చెప్పడం మానిన కణం ఇప్పటికీ లేదు.