స్టీలు పట్టకారు

అడిగినదానికి నోటితో జవాబు చెప్పడం హైమవతిగారికి అలవాటు లేదు. ప్రయోగశాలలో ఏ శిష్యుడు ఏమడిగినా ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ సంగతి తెలిసీ శ్రీకర్ ఆ ఉదయం కాస్త బిరుసుగానే అడిగాడు.

“డీఎన్ఏకి అయస్కాంత గుణం ఉందని కొలిచి చూపించాను కదా. ఇంకా దేనికి మేడమ్ అనుమానం?”

అతని ధీమా ఊరికే వచ్చింది కాదు. చేపల నుంచి తీసిన డీఎన్ఏని గాజుముక్క మీద పల్చటి పొరగా ఆరబెట్టి, అయస్కాంతత్వం కొలిచే యంత్రంలో పెడితే తెర మీద గీత చక్కగా పైకి లేచింది. తోటి పరిశోధకుడు జోయల్ చేసిన పొరలో మాత్రం ఏమీ కనబడలేదు. జోయల్ గాజుముక్కల్ని ప్లాస్టిక్ పట్టకారుతో పట్టుకుంటాడు, అవి జారిపోతుంటాయి. అది పిల్లలాడుకునే సామానని, ఇతనికి ఈ పనికి చెయ్యి కుదరదని శ్రీకర్ అందరి ముందూ ఎగతాళి చేశాడు. జోయల్ తల దించుకుని ఆ పని వదిలేసి కింది అంతస్తుకి వెళ్ళిపోయాడు. వ్యాసం శ్రీకర్ ఒక్కడి పేరుతోనే తయారైంది. మర్నాడు పత్రికకి పంపాలి.

హైమవతిగారు కొత్త గాజుముక్క ఇచ్చి, దాని మీద ఏమీ వేయకుండా, ఎప్పుడూ పట్టుకునేలాగే పట్టుకుని యంత్రంలో పెట్టమన్నారు. ఖాళీ గాజుని కొలవడమేమిటని లోపల విసుక్కుంటూనే శ్రీకర్ తన స్టీలు పట్టకారు తీశాడు.

గీత లేచింది. అదే ఎత్తు, అదే వంపు.

ఆవిడ ఇంకో గాజుముక్కని జోయల్ వదిలేసి వెళ్ళిన ప్లాస్టిక్ పట్టకారుతో తీసి తనే లోపల పెట్టారు. ఈసారి గీత కదల్లేదు.

శ్రీకర్‌కి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ తను కొలిచింది స్టీలు నుంచి రాలిన, కంటికి ఆనని ఇనుప రజను. ముందే ఒక్కసారి ఖాళీ గాజుని పెట్టి చూస్తే తేలిపోయేది. జోయల్‌దే తప్పని చూపించాలన్న ఆత్రంలో అది చేయలేదు. ఆ రోజు జోయల్ దించుకున్న తల గుర్తొచ్చి సిగ్గుతో చితికిపోయాడు.

అయితే డీఎన్ఏకి ఆ గుణం లేనట్టేనా అని అడిగాడు.

హైమవతిగారు ప్లాస్టిక్ పట్టకారుని తుడిచి అతని చేతిలో పెట్టారు.

“డీఎన్ఏని నువ్వింకా అడగనే లేదు. అడిగినవాడు కింద ఉన్నాడు, వెళ్ళి పిలుచుకురా.”