జారిన పంచమం

"పంతులుగారూ, ముందొచ్చి కష్టపడినవాణ్ణి వదిలేసి, జనం నిన్న కాక మొన్న వచ్చినవాళ్ల చుట్టూ ఎందుకు చేరతారు?" అని విరూపాక్షం గురువును అడిగాడు.

అతని గురువు సోమయాజులుగారు వయొలిన్ విద్వాంసుడు. విజయనగరంలో ఆయనకు చిన్న వాద్యబృందం ఉండేది. ప్రతి శుక్రవారం సాయంత్రం శిష్యులను వెంటబెట్టుకుని జూట్ మిల్లు కార్మికుల పేటకు వెళ్లేవారు. అక్కడి హాలులో ఆయన వేదిక వేయనిచ్చేవారు కాదు. వాద్యకారులు తలో చోటా విడిగా కూర్చోవాలి. పని దిగి వచ్చినవాళ్లు వారి మధ్యలో ఎవరికి నచ్చినచోట వారు కూర్చుంటారు. నచ్చిన సంగతిని, ఆ స్వరాల మలుపును, మళ్లీ వాయించమని ఎవరైనా అడగవచ్చు. ఇది కచేరీయా, సంతా అని పట్నంలో పెద్దలు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

ఆ పద్ధతే విరూపాక్షానికి ముల్లయింది. వేదిక మీదైతే ఎవరి కోసం ఎవరు వచ్చారో తెలియదు. ఇక్కడ కళ్లెదుటే తెలిసిపోతుంది. ఈమధ్యే శిష్యురాలిగా చేరిన హైమవతి వయొలిన్ తీసేసరికి ఆడవాళ్లూ, పిల్లలూ, షిఫ్టు దిగిన మగవాళ్లూ ఆమె చుట్టూ ముసురుకునేవారు. అతని వయొలిన్ దగ్గర మిగిలేది గోడకు చేరగిలబడి కునుకు తీసే ముసలివాళ్లు. వయసు మీదపడి పంతులుగారి వేళ్లు బిగుసుకుపోతున్నాయి. బృందాన్ని నడిపే వయొలిన్ త్వరలో ఎవరో ఒకరి చేతికి రావాలి. అది తనదేనని విరూపాక్షం ఏనాటినుంచో అనుకుంటున్నాడు. ఇప్పుడు ఆ అమ్మాయి నవ్వు విన్నా, ఆమె పెట్టె మూత చప్పుడు విన్నా అతనికి అన్నం సహించడం లేదు.

పంతులుగారు అతని ప్రశ్న విని, "ఈ శుక్రవారం నువ్వు తంబూరా పట్టు" అన్నారు.

తంబూరా అంటే కొత్తగా చేరినవాళ్ల పని. విరూపాక్షం మొహం మాడ్చుకుని హాలు నడిమధ్య కూర్చున్నాడు. మిల్లులో గోనెసంచులు కుట్టే అప్పలనరసమ్మ అతన్ని చూసి ఆగింది.

"ఏటి బాబూ, నీ పెట్టె ఇంటికాడ ఒగ్గీసినావా? మీ పంతులు నీకు గాని శిచ్చేసినాడేటి?"

చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. అతను తల ఎత్తలేదు.

హైమవతి మోహన రాగం ఎత్తుకుంది. అసూయపడేవాడి చెవి మొద్దుగా ఉండదు, మహా పదునుగా ఉంటుంది. కాకపోతే తప్పు కోసమే తెరిచి ఉంటుంది. విరూపాక్షం ఆమె ప్రతి సంగతినీ గీకి చూశాడు. ఎక్కడా చిన్న మరక దొరకలేదు. దొరకనికొద్దీ అతని ఒళ్లు మండింది.

అంతలో ఉక్కకు తీగ బిగించే బిరడా పట్టు వదిలింది. తంబూరాలో మొదటి తీగ, పంచమం పలకవలసినది, కిందికి జారడం మొదలుపెట్టింది. అందరికన్నా ముందు విన్నది అతనే. చెయ్యి బిరడా దాకా వెళ్లింది. ఒక్క తిప్పు తిప్పితే చాలు. మోహనానికి పంచమం ప్రాణం. తీగ ఇలాగే ఉంటే ఆమె వయొలిన్ ఆగిన చోటల్లా అపస్వరంలా వినిపిస్తుంది. వినేవాళ్లు తంబూరాను తప్పుపట్టరు, వయొలిన్‌నే పడతారు. ఇవాళ ఆమె చుట్టూ చేరినవాళ్లంతా మొహాలు చూసుకుంటారు.

చెయ్యి వెనక్కి వచ్చింది. అతను జారిన తీగనే మీటుతూ కూర్చున్నాడు.

మృదంగం వాయించే జోగారావు కనుబొమలు ముడిచాడు. హైమవతి వయొలిన్ కమాను ఒక్క క్షణం ఆగింది. ఆమె తంబూరా వైపు చూసి, తల వంచి విన్నది. తీగ జారి జారి మధ్యమం దగ్గర నిలిచింది. ఆమె మోహనాన్ని అక్కడితో ముగించి, ఊపిరి తీసుకుని, హిందోళం మొదలుపెట్టింది. హిందోళంలో పంచమమే ఉండదు. ఆ రాగానికి తంబూరా మధ్యమమే పలకాలి. అతను చెడనిచ్చిన తీగ సరిగ్గా ఆమెకు కావలసిన తీగ అయి కూర్చుంది. గోడకు చేరగిలబడ్డ ముసలివాళ్లు సైతం కళ్లు తెరిచారు.

"అమ్మా, ఆ ముక్క మళ్లీ ఓపాలి వాయించవా" అంది అప్పలనరసమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

విరూపాక్షం మీటుతూనే ఉన్నాడు. తీగ వేలికి తగిలినప్పుడల్లా నిప్పు తగిలినట్టుంది.

జనం లేచాక హైమవతి పరుగున వచ్చింది. "అన్నయ్యగారూ, చెప్పకుండానే మధ్యమం చేసి ఇచ్చారు! హిందోళం వాయించమంటున్నారని నాకు కొంచెం ఆలస్యంగా తట్టింది, ఏమనుకోకండి. మోహనం నాకు ఇవాళ కుదరడం లేదని ఎలా కనిపెట్టారు?"

ఆమె నిజంగానే అలా అనుకున్నదో, అతని పరువు కాపాడిందో ఆ మొహంలో తెలియలేదు. అతను తలాడించాడు.

అందరూ వెళ్లాక పంతులుగారు నెమ్మదిగా వచ్చి తంబూరా పక్కన కూర్చున్నారు.

"మొన్న నన్నొకటి అడిగావు. మళ్లీ అడుగు."

విరూపాక్షం నేల చూస్తూ, "వచ్చే శుక్రవారం నేనేం పట్టుకోవాలండీ?" అన్నాడు.

"తంబూరాయే." ఆయన బిరడా తిప్పి తీగను పంచమానికి తెచ్చారు. "ఇది జారితే ఇలా తిప్పుకుంటాం, నాయనా. జారుతుంటే విని ఊరుకున్న చెవికి బిరడా ఎక్కడుంటుందో, అది మాత్రం నువ్వే వెతుక్కోవాలి."